బృహన్నలను గేటు దగ్గరే ఆపేద్దామా?

మగవాళ్ళు ఆడవేషం కట్టి ఆడే ఆటలు చిన్నపిల్లల కంట పడకూడదనే మాట మా హైదరాబాద్ ఉత్తరపు శివార్లలో ఇప్పుడు అందరూ ఒప్పేసుకున్న మాటలా చలామణీ అవుతోంది. రాజీవ్ రహదారి మీద తూంకుంట నుంచి శామీర్‌పేట దాకా, అటు నాగపూర్ రోడ్డు మీద కొంపల్లి నుంచి మేడ్చల్ దాకా విల్లాలూ అపార్టుమెంట్లూ లేచిన చోటల్లా ఇదే వరస. స్కూలు బస్సు కోసం నిలబడ్డ తల్లుల మధ్యో, పండుగ కార్యక్రమాలు ఖాయం చేసే కమిటీ మీటింగులోనో, తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులోనో ‘డ్రాగ్’ అనే మాట వచ్చిందంటే చర్చ రెండు నిమిషాల్లో తెగిపోతుంది. పెద్దవాళ్ళు ఏం చూసుకుంటారో వాళ్ళిష్టం, పిల్లల జోలికి మాత్రం రావద్దు అంటారు. ఎదురు చెప్పేవాళ్ళు లేకపోలేదు. ఒకే ఇంట్లో తల్లి ఒకలా, తండ్రి ఒకలా అనుకునే చోట్లూ ఉన్నాయి. కాకపోతే వద్దనేవాళ్ళు గ్రూపులో రాస్తారు, ఫరవాలేదనేవాళ్ళు పక్కకు పిలిచి చెబుతారు. అందుకే ఒక పక్షమే ఉన్నట్టు కనిపిస్తుంది. ఆ పక్షం చెప్పేదాంట్లో పస ఎంతో ఒకసారి విప్పి చూడాలి.

ముందు ఒక గీత గీసుకుందాం. రాత్రి పదకొండింటికి పబ్బులో మందు గ్లాసుల మధ్య పెద్దల కోసం జరిగే డ్రాగ్ షోకు ఆరేళ్ళ పిల్లను తీసుకెళ్దామని ఎవరూ అనడం లేదు. అదే పబ్బులో ప్యాంటూ షర్టూ వేసుకుని బూతు జోకులు చెప్పే స్టాండప్ కుర్రాడి ముందూ ఆ పిల్లను కూర్చోబెట్టకూడదు. అది వేళను బట్టి, మాటను బట్టి, చోటును బట్టి తేలిపోయే సంగతి. నా తగాదా వేరే. పట్టపగలు, పిల్లల కోసం, పిల్లలకు అర్థమయ్యే కథో నాట్యమో సిద్ధం చేసుకుని ఒక మగ కళాకారుడు చీర కట్టుకుని వచ్చాడనుకోండి. పాటలో తప్పు లేదు, మాటలో తప్పు లేదు, అభినయంలో తప్పు లేదు. ఉన్నదల్లా చీర. ఆ ఒక్క కారణంతోనే అది పిల్లలకు తగనిదైపోతుందా? అవుతుందంటున్నారు మనవాళ్ళు.

వాళ్ళ మొదటి మాట, ఇది అమెరికా నుంచి దిగుమతైన జబ్బు అని. జబ్బు సంగతి తర్వాత, ఈ భయం మాత్రం కచ్చితంగా అక్కడిదే. 2015లో శాన్‌ఫ్రాన్సిస్కోలో డ్రాగ్ కళాకారులు పిల్లలకు కథల పుస్తకాలు చదివి వినిపించే కార్యక్రమం మొదలైంది. మెల్లగా వేరే ఊళ్ళ లైబ్రరీలకు పాకింది. దాని మీద రాజకీయం ముదిరి 2023లో టెనెసీ, టెక్సస్ రాష్ట్రాలు ఇలాంటి ప్రదర్శనల్ని పిల్లల కంట పడకుండా కట్టడి చేసే చట్టాలు చేశాయి. రెండూ కోర్టుకెక్కాయి. టెక్సస్‌లో ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌ల చుట్టూ మనవాళ్ళు ఎంతమంది స్థిరపడ్డారో చెప్పక్కర్లేదు. అక్కడి స్కూలు బోర్డుల గొడవ వీడియోల రూపంలో మేడ్చల్‌లో ఉన్న మేనత్తకు ఉదయం కాఫీ వేళకు అందుతుంది, సాయంత్రానికి ఆమె మనవడి స్కూలు గ్రూపులో ఉంటుంది. అక్కడి ఎన్నికల కోసం ఎవరో రాసుకున్న నినాదాలు మన సంస్కృతి రక్షణ పేరుతో ఇక్కడ తిరుగుతున్నాయి. వాటిని పంపేవాళ్ళలో చాలామందికి డ్రాగ్ ప్రదర్శన ఎలా ఉంటుందో తెలియదు. హైదరాబాద్‌లోనే పట్రుని శాస్త్రి లాంటి డ్రాగ్ కళాకారులు ఏళ్ళ తరబడి ప్రదర్శనలు ఇస్తున్నారనీ తెలియదు.

సంస్కృతి పేరెత్తారు కనుక అటే వెళ్దాం. కూచిపూడి భాగవతుల్లో ఆడపాత్రలన్నీ మగవాళ్ళవే. ఆ ఊళ్ళో పుట్టిన ప్రతి మగపిల్లాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని సిద్ధేంద్ర యోగి మాట తీసుకున్నాడని చెప్పుకుంటారు. ఆ భాగవతుల ఆట చూసి ముచ్చటపడి ఊరినే వాళ్ళకు రాసిచ్చినవాడు గోల్కొండ పాదుషా అబుల్ హసన్ తానీషా అని ప్రతీతి. వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామగా, ఉషగా రంగం మీదికి వస్తే ఆడవాళ్ళే ఆ నడకను చూసి నేర్చుకోవాలనేవారు. ఆయనకు 1970లో పద్మశ్రీ ఇచ్చారు. అంతకు చాలా ముందే, 1956లో, స్థానం నరసింహారావుకు ఇచ్చారు. సత్యభామ, చింతామణి, రోషనార, కన్యాశుల్కంలో మధురవాణి: ఆయన పేరు చెబితే గుర్తొచ్చేవన్నీ ఆడవేషాలే. మన కాలంలో ఆంధ్రనాట్యంలో సత్యభామగా కళాకృష్ణ, కూచిపూడి ఆడవేషాల్లో హలీం ఖాన్ ఉన్నారు. ఆ ప్రదర్శనలకు వెళ్ళేవాళ్ళు పిల్లల్ని వెంటబెట్టుకునే వెళ్తారు. పిల్లకు డాన్సు నేర్పిద్దామన్న ఆశతోనే వెళ్ళేవాళ్ళు ఎక్కువ.

ఇవన్నీ రవీంద్రభారతి సంగతులంటారా? మేడ్చల్ చుట్టుపక్కల ఊళ్ళ సంగతే చెబుతాను. విల్లాలు రాకముందు ఈ నేల కురుమలది, గొల్లలది, ముదిరాజులది. బీరప్ప పండుగకో, మల్లన్న పట్నాలకో ఒగ్గు కథ చెప్పించుకునే ఊళ్ళివి. ఒగ్గు చెప్పేవాళ్ళు మగవాళ్ళు. కథలో ఆడమనిషి వచ్చిందంటే వాళ్ళలో ఒకాయన కొంగు కప్పుకుని, గొంతు మార్చి, ఆ తల్లి ఏడుపంతా ఏడుస్తాడు. అది తెల్లవార్లూ సాగుతుంది. చంటిపిల్లలు తల్లుల ఒళ్ళో పడుకుని, మధ్యమధ్య లేచి, చూసి మళ్ళీ పడుకుంటారు. ఆ పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్ళై, కొందరు ఆ భూములమ్మి ఈ విల్లాల్లోనే ఉంటున్నారు. వాళ్ళకు ఏం చెడు జరిగిందో ఎవరైనా చెబితే వింటాను.

ఇక్కడ మన చరిత్రలో ఒక విడ్డూరం ఉంది. పందొమ్మిదో శతాబ్దం చివర తెలుగు నాటకం పుట్టేనాటికి, రంగం మీద ఆడది కనిపిస్తేనే అది సంసారులు చూడరాని ఆట. భోగం మేళాల మీద వీరేశలింగం యుద్ధం చేస్తున్న రోజులవి. ఆయనే 1880లో రాజమండ్రిలో తన విద్యార్థుల చేత నాటకం ఆడించాడు. ఆ తొలి నాటక సమాజాల్లో ఆడవేషాలు కుర్రాళ్ళే కట్టేవారు. అంటే మగవాడు చీర కట్టుకుంటే అది మర్యాదైన ప్రదర్శన, కుటుంబంతో వెళ్ళదగినది. ఆడది కట్టుకుంటే పిల్లలు చెడిపోతారు. నూట నలభై ఏళ్ళలో ఆ వాక్యం పూర్తిగా తిరగబడింది, పిల్లలు చెడిపోతారన్న భాగం మాత్రం అలాగే ఉంది.

ఇంత చెప్పింది సంప్రదాయం ఉంది కాబట్టి మంచిదేనని తీర్పు ఇవ్వడానికి కాదు. ఆడవాళ్ళను రంగం ఎక్కనివ్వకపోవడం వల్ల కూడా మగవాళ్ళు ఆడవేషం కట్టారు, అందులో గొప్పలు చెప్పుకునేదేమీ లేదు. సంప్రదాయంలో ఉన్నవన్నీ పిల్లలకు చూపించాలంటే జోగిని ఆచారాన్నీ చూపించాల్సి వస్తుంది. నేను అనేది చిన్న సంగతి. ఇలాంటిది మన పిల్లలు ఎన్నడూ ఎరగరు అనే మాట అబద్ధం. దాని మీద కట్టిన వాదం నిలవదు.

అప్పుడు మాట మారుస్తారు. అది భక్తి, ఇది వినోదం అంటారు. తిరుమల బ్రహ్మోత్సవాల్లో ఐదో రోజు పొద్దున స్వామి మోహినిగా పల్లకీలో వస్తే పిల్లల్ని భుజాల మీదికెత్తి చూపిస్తాం, అక్కడిదాకా భక్తే. కానీ భామాకలాపంలో ఉన్నది విరహమూ శృంగారమూ. చింతామణి వేశ్య కథ. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నాటకాన్ని నిషేధించింది, కానీ అందుకు కారణం సుబ్బిశెట్టి పాత్ర ఒక కులాన్ని కించపరుస్తోందన్న ఫిర్యాదు. చింతామణిగా ఎవరు చీర కట్టుకున్నారన్నది అక్కడ ఎవరికీ పట్టలేదు. ఇక తిరుపతి గంగమ్మ జాతర చూడండి. మగవాళ్ళు చీరలు కట్టుకుని, పూలు పెట్టుకుని, గాజులు వేసుకుని మొక్కు తీర్చుకుంటారు. తండ్రులు కొడుకులకూ ఆడవేషం వేసి చెయ్యి పట్టుకుని గుడికి తీసుకొస్తారు. ఆ వారంలో కొన్ని వేషాలవాళ్ళు బూతులు తిట్టడం కూడా మొక్కులో భాగమే. భక్తికీ వినోదానికీ మధ్య గోడ ఉందనేవాళ్ళు అక్కడ ఒక పూట నిలబడి రావాలి.

ఆ జాతరే 2024 డిసెంబరులో ‘పుష్ప 2’గా మన మల్టీప్లెక్సులకు వచ్చింది. అల్లు అర్జున్ చీర కట్టి, నగలు పెట్టి, పసుపూ నీలమూ పూసుకుని ఆడిన ఆటకు థియేటర్లు ఊగిపోయాయి. ఆ గెటప్‌ను ఫ్యాన్సీ డ్రెస్ పోటీలకు కొడుకుల చేత వేయించిన తల్లిదండ్రులు తెలుగు నేలంతా ఉన్నారు. మగవాడు చీర కట్టుకుంటే పిల్లలు పాడైపోతారన్న భయం ఆ నెలలో ఎక్కడికి పోయిందో! ఆ సినిమాలోనే హీరో విలన్ల గొంతు కొరుకుతాడు. గ్రూపుల్లో దాని మీద ఒక్క ఫిర్యాదు రాలేదు.

అంతెందుకు, మీ ఇంట్లో పాత ఆల్బమ్ తెరవండి. ఆడపిల్ల లేని ఇంట్లో చిన్న కొడుక్కి పట్టుపరికిణీ కట్టి, పూలజడ వేసి, అద్దం ముందు నిలబెట్టి, జడ అద్దంలో కనిపించేలా స్టూడియోలో తీయించిన ఫోటో ఎన్నో ఇళ్ళలో ఉంటుంది. ఇప్పుడు గ్రూపులో ‘మన పిల్లల అమాయకత్వాన్ని కాపాడుకుందాం’ అని రాసే బావగారి ఫోటోయే కావచ్చు అది. కృష్ణాష్టమి వస్తే నర్సరీ క్లాసుల్లో సగం కృష్ణులు ఆడపిల్లలే. నెమలి ఈక పెట్టి మీసం దిద్దిన ఆ పిల్లల్ని చూసి ఎవరూ కంగారు పడరు. ఆడపిల్ల మగవేషం కడితే ముచ్చట, మగపిల్లాడు ఐదేళ్ళ లోపు ఆడవేషం కడితే ముచ్చట, పెద్దవాడు కడితే ప్రమాదం. ఏ వయసు దగ్గర ఆ ముచ్చట ప్రమాదమైపోతుందో ఎవరూ చెప్పరు.

రెండో వాదన కొంచెం బరువైనది. పిల్లలు తికమక పడతారు అనేది. దీన్ని నవ్వి తీసిపారేయలేం. లారెన్స్ కోల్‌బర్గ్ అనే మనస్తత్వవేత్త 1966లోనే చెప్పాడు: మూడు నాలుగేళ్ళ పిల్లలు బట్టలూ జుట్టూ మారితే మనిషి కూడా మారిపోతాడనుకుంటారు, ఎవరెలా తయారైనా ఆడ ఆడే, మగ మగే అన్న లెక్క వాళ్ళకు ఐదేళ్ళు దాటాక, ఏడేళ్ళలోపు స్థిరపడుతుంది. తర్వాత వచ్చిన పరిశోధకులు ఆ వయసుల మీద వాదించుకున్నారు కానీ మూల విషయం నిలిచింది. కాబట్టి మూడేళ్ళ పిల్లాడు చీరలో ఉన్న మగవాణ్ణి చూసి ‘ఈ అత్త గొంతు మామలా ఉందేంటి’ అని అడగడం ఖాయం. ఆ ప్రశ్నకే మన పెద్దవాళ్ళకు చెమటలు పడుతున్నాయి. పిల్లలకు అంత అవసరం లేదు. తిరుపతిలో కొండ మీద నాన్న గుండు చేయించుకుని, మీసం తీయించుకుని వస్తే ఆ పిల్లాడే గుర్తుపట్టక ఏడుస్తాడు. ఎత్తుకుని, మాట్లాడి, ఆ నాన్నే ఈ నాన్న అని తెలియజేస్తే ఊరుకుంటాడు. అలా తెలుసుకోవడమే ఆ వయసు పని. చీర విషయంలోనూ సమాధానం ఒక్క వాక్యం: ఆయన వేషం కట్టాడు నాన్నా. మూడేళ్ళవాడికి అది చాలు. ఏడేళ్ళవాడు ఇంకో ప్రశ్న వేస్తాడు, దానికి ఇంకో వాక్యం చెప్పాలి. ఆ వాక్యం మనకు తెలియకపోతే, లేదా చెప్పడం ఇబ్బందైతే, ఆ ఇబ్బంది మనదని ఒప్పుకుందాం. దాన్ని పిల్లల మానసిక ఆరోగ్యం లెక్కలో రాయొద్దు.

ఆడవేషంలో ఉన్న మనిషి చేతికి పిల్లను అప్పగించాలా వద్దా అన్న ప్రశ్న విరాటరాజుకూ వచ్చింది. తన కూతురికి నాట్యం నేర్పుతానని వచ్చిన బృహన్నలను ఆయన మాటలతో అడిగి, ఆట చూసి, ఆ రోజుల పద్ధతిలో పరీక్ష చేయించి మరీ అంతఃపురంలోకి పంపాడు. ఆ పరీక్ష ఈ కాలానికి పనికిరాదు కానీ, ముందు కనుక్కుని తర్వాత నమ్మడమన్న పద్ధతి పనికొస్తుంది. ఉత్తర ఎంత చిన్నదంటే, యుద్ధానికి బయల్దేరుతున్న బృహన్నలను తన బొమ్మలకు కట్టడానికి కౌరవుల రంగురంగుల బట్టలు తెచ్చిపెట్టమని అడిగింది. ఆ యుద్ధంలోనే వణికిపోయి రథం దిగి పరుగెత్తిన ఉత్తర కుమారుణ్ణి పట్టి తెచ్చి ధైర్యం చెప్పింది కూడా ఆ చీర కట్టిన మనిషే. 1963లో వచ్చిన ‘నర్తనశాల’లో ఎన్టీ రామారావు ఆ వేషం కట్టారు. కృష్ణుడిగా, రాముడిగా జనం మనసులో కొలువైన నటుడు బృహన్నల వేషం కడితే తన ఇమేజ్‌కు లోటనుకోలేదు, చూసినవాళ్ళూ అనుకోలేదు. ఇప్పటికీ పండుగ పూట టీవీలో వస్తే ఇంటిల్లిపాదీ చూస్తాం.

ఇక అశ్లీలం. అసలు ఎక్కువ మాట్లాడాల్సింది దీని గురించే. పిల్లల ముందు ఏది అసభ్యం అన్న ప్రశ్నను మన స్కూళ్ళూ కాలనీలూ నిజంగా పట్టించుకుంటున్నట్టయితే నేను ఈ వ్యాసమే రాయక్కర్లేదు. రిసార్టుల్లో, కన్వెన్షన్ హాళ్ళలో జరిగే యాన్యువల్ డేలకు ఒక సాయంత్రం వెళ్ళి కూర్చోండి. రెండో క్లాసు ఆడపిల్లలు పెదాలకు రంగు పూసుకుని ఐటమ్ సాంగ్‌కు నడుము తిప్పుతుంటారు. ఆ స్టెప్పు ఏం చెబుతోందో ఆ పిల్లలకు తెలియదు, వేదిక కింద ఫోన్లు పైకెత్తి పట్టుకున్న మనకు తెలుసు. 2021లో సినిమాతో పాటు ఊపేసిన ‘ఊ అంటావా’ పాటకు ఎన్ని పుట్టినరోజు వేడుకల్లో ఎన్నెన్ని చిన్నపాదాలు ఆడాయో లెక్కలేదు. ఆ పాట మగవాడి చూపును ఎత్తిపొడవడానికి రాశారని కొందరంటారు. అయితే అవనీ, ఏడేళ్ళ పిల్ల దాన్ని పెదాలు విరిచి పాడుతుంటే ఎత్తిపొడుపు ఎక్కడ మిగిలింది? సంగీత్ రాత్రి బాబాయిలు కొంగు నోట్లో పెట్టుకుని కుప్పిగంతులు వేస్తే పిల్లల్ని ముందు వరసలో కూర్చోబెడతాం. దాన్ని తగదనే తల్లిని ‘మీరు మరీ సీరియస్ అండీ’ అంటాం.

అన్నిటికన్నా ముఖ్యమైనది నట్టింట్లో ఉంది. 2013 నుంచి ఈటీవీలో ‘జబర్దస్త్’ వస్తోంది. అందులో లేడీ గెటప్ అనేది ఒక స్థిరమైన విభాగం, మగ నటులే వేస్తారు. ఆ నటుల నేర్పు మీద నాకు ఫిర్యాదు లేదు, కొందరు నిజంగా మంచి నటులు. స్కిట్‌లో వాళ్ళకిచ్చే పని చూడండి. ఆ ‘ఆడది’ని తోస్తారు, తంతారు, ఒంటి మీద జోకులేస్తారు, మొగుడి చేత తిట్టిస్తారు, నువ్వు మగో ఆడో అని వెక్కిరిస్తారు. అన్నం తింటూ పిల్లలు పగలబడి నవ్వుతారు, మనమూ నవ్వుతాం. పదేళ్ళకు పైగా తెలుగు పిల్లలు ఆడవేషాన్ని చూస్తూనే ఉన్నారు, వారం వారం చూస్తున్నారు. చూడనిదల్లా ఎగతాళి లేని ఆడవేషం.

సెన్సారు వాళ్ళను ఎవరూ ఆదర్శంగా చెప్పుకోరు కానీ, వాళ్ళ పద్ధతి కూడా మన గ్రూపుల కన్నా నయం. 2024 నుంచి యూఏ సర్టిఫికెట్టును ఏడేళ్ళు, పదమూడేళ్ళు, పదహారేళ్ళు అని మూడు మెట్లు చేశారు. హింస ఎంత, శృంగారం ఎంత, భాష ఎలాంటిది అని చూసి మెట్టు నిర్ణయిస్తారు. మగవాడు చీర కట్టుకున్నాడా అనేది అందులో కొలత కాదు. 1994లో ‘మేడమ్’ సినిమాలో రాజేంద్రప్రసాద్ చీర కట్టుకుంటే కుటుంబాలు కుటుంబాలుగా వెళ్ళి నవ్వుకున్నారు.

కాబట్టి ఇన్నాళ్ళుగా మనం పాటిస్తున్న నియమం, బయటికి చెప్పే నియమం ఒకటి కావు. దేవుడి కోసం చీర కట్టుకుంటే సరే. హీరో కట్టుకుంటే ఈల వేస్తాం. నవ్వించడానికి కట్టుకుంటే మరీ సంతోషం. పద్మశ్రీ వచ్చినవాడు కట్టుకుంటే దండ వేస్తాం. కానీ ఎవరైనా చీర కట్టుకుని, నేను నవ్వులాటకు రాలేదు, ఇది నా కళ, ఇది నేను, అని చెప్పి పిల్లల ముందు గౌరవంగా నిలబడితే అప్పుడే పిల్లల క్షేమం గుర్తొస్తుంది. తెర పడ్డాక చీర విప్పి ఇంటికి వెళ్ళేవాడు కళాకారుడు, విప్పినా విప్పకపోయినా ఒకే మనిషిగా ఉండేవాడు ముప్పు. ఈ తేడా మనం కొత్తగా కనిపెట్టింది కాదు. దానికి ఈ నేల మీద ఒక చట్టమే ఉండేది.

నిజాం రాజ్యంలో 1329 ఫస్లీలో, అంటే 1919లో, హిజ్రాల మీద ఒక చట్టం చేశారు. బ్రిటిష్ వాళ్ళ 1871 నాటి నేరస్థ జాతుల చట్టం అచ్చులో పోసినట్టే ఉంటుంది అది. హిజ్రాల పేర్లు రిజిస్టరులో ఎక్కించాలి. ఆడబట్టలు కట్టుకునో, నగలు పెట్టుకునో వీధిలో కనిపించినా, బహిరంగంగా ఆడినా, పాడినా, వాయించినా వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చు, రెండేళ్ళ దాకా జైల్లో పెట్టవచ్చు. వాళ్ళ దగ్గర పదహారేళ్ళ లోపు మగపిల్లాడు ఉండకూడదు. ఇదంతా దేని పేరు మీద చేశారనుకుంటున్నారు? పిల్లల రక్షణ. హిజ్రాలు పిల్లల్ని ఎత్తుకుపోతారన్న అనుమానమే ఆ రిజిస్టరుకు పునాది. నిజాం పోయాడు, హైదరాబాద్ రాష్ట్రం పోయింది, ఆంధ్రప్రదేశ్ వచ్చింది, తెలంగాణ వచ్చింది, చట్టం పుస్తకంలో అలాగే ఉంది. 1956లో స్థానం వారికి పద్మశ్రీ ఇచ్చిన దేశంలోనే, ఆ ఏడాదే, బజారులో చీర కట్టుకుని చప్పట్లు చరుస్తూ ఆడిన, రిజిస్టరుకెక్కిన హిజ్రాను ఈ చట్టం కింద పట్టుకుపోవచ్చు. ట్రాన్స్ హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మొగ్లి, మరికొందరు పోరాడాక తెలంగాణ హైకోర్టు 2018లో దాని అమలును ఆపి, 2023 జులైలో రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. పుస్తకంలోంచి పోయిన ఆ చట్టాన్ని వాట్సాప్ గ్రూపులో మళ్ళీ రాస్తున్నామని మనవాళ్ళకు తెలియకపోవచ్చు.

డ్రాగ్ కళాకారులు వేరు, హిజ్రాలు వేరు అని నాకు తెలుసు. డ్రాగ్ అనేది ప్రదర్శన, హిజ్రా అనేది జీవితం. అయితే వద్దనేవాళ్ళ మనసులో ఈ ఇద్దరూ ఒకటే. సుచిత్ర సర్కిల్ దగ్గర సిగ్నల్ పడినప్పుడు హిజ్రా కారు దగ్గరికి వస్తే మనం చేసే మొదటి పని అద్దం ఎత్తేయడం. వెనక సీట్లో ఉన్న పిల్ల ‘ఎవరమ్మా’ అంటే ‘అటు చూడకు’ అంటాం. ఈ విషయంలో మన పిల్లలకు అందే మొదటి పాఠం అదే. డ్రాగ్ వల్ల పిల్లలకు అకాలంగా ఏవో తెలిసిపోతాయని భయపడేవాళ్ళు, ఆ పిల్లలకు అసహ్యం ఎప్పుడో నేర్పేశామని గమనించరు.

పిల్లల భద్రత మాట వచ్చింది కనుక ఒక లెక్క. పోక్సో కింద నమోదైన అత్యాచార కేసుల్లో నిందితుడు పిల్లలకు ముందే తెలిసినవాడని జాతీయ నేర గణాంకాలు ఏటా 90 శాతానికి పైగా చూపిస్తున్నాయి. బంధువు, పక్కింటివాడు, ఇంటికి వచ్చిపోయేవాడు, పాఠం చెప్పేవాడు. వాళ్ళు చీర కట్టుకుని, ముఖానికి రంగు వేసుకుని, రెండు వందల మంది తల్లిదండ్రుల ఎదుట వేదిక ఎక్కి రారు. బుగ్గలు గిల్లే మామయ్యలను నిలదీయడం కష్టం, ఎందుకంటే వాళ్ళు మనవాళ్ళు. ఎప్పుడూ చూడని డ్రాగ్ కళాకారుణ్ణి నిలదీయడం సుళువు. కష్టమైన కాపలా వదిలేసి సుళువైన కాపలా కాస్తున్నాం.

ఇదంతా శామీర్‌పేటలో కూర్చుని మాట్లాడుకోవడంలో ఒక చమత్కారం ఉంది. చెరువుకు కాస్త దూరంలో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. 2015లో ఒక విద్యార్థి కోరితే పట్టా మీద పేరుకు ముందు శ్రీ, కుమారి అన్న తేడా లేని గౌరవపదం వేసి ఇచ్చింది. 2022లో హాస్టల్లో ఒక అంతస్తును లింగభేదం పాటించని నివాసంగా కేటాయించింది. మన పిల్లలు అందులో సీటు తెచ్చుకోవాలని తొమ్మిదో తరగతి నుంచే కోచింగులకు డబ్బు పోస్తున్నది ఈ తల్లిదండ్రులే. పద్దెనిమిదేళ్ళ వరకు ఏమీ చూడకుండా పెంచి, ఒక్క ఉదయాన ఆ హాస్టల్లో దింపేసి వచ్చేస్తే ఆ పిల్ల పక్క గది మనిషితో ఎలా మాట్లాడాలో ఎవరు నేర్పుతారు?

చివరికి మిగిలేది తల్లిదండ్రుల హక్కు. నా పిల్లకు ఏం చూపించాలో నేను నిర్ణయిస్తాను అనే మాట. ఇందులో సగం నేనూ ఒప్పుకుంటాను, బేషరతుగా. స్కూలైనా కాలనీ అయినా ఇలాంటి ప్రదర్శన పెట్టేటప్పుడు ముందే చెప్పాలి. ఏ కథ, ఏ పాటలు, ఎంతసేపు, ఏ వేళ, కళాకారుడు ఎవరు అన్నది రాతపూర్వకంగా ఇవ్వాలి. కావాలంటే రిహార్సల్ చూడనివ్వాలి. చెప్పకుండా పెడితే తప్పు నిర్వాహకులదే. ఇదే నియమం మెజీషియన్‌కూ, డీజేకూ, యాంకరమ్మకూ పెట్టాలి, ముఖ్యంగా డీజేకు. చదివి, చూసి, ఇష్టం లేని తల్లి తన పిల్లను ఆ సాయంత్రం పంపకపోవచ్చు. ఎందుకు పంపలేదని ఆమెను అడిగే అధికారం ఎవరికీ లేదు.

రెండో సగం దగ్గరే నాకు పేచీ. నా పిల్ల చూడకూడదు కాబట్టి ఎవరి పిల్లా చూడకూడదు అనేది హక్కు కిందికి రాదు. గ్రూపులో నలభై మంది వద్దన్నారు కాబట్టి రద్దు చేశామంటారు. నలభై మంది వద్దంటే ఆ నలభై మందీ రాకపోతే సరిపోతుంది. తన కొడుక్కి ఆ ఆట చూపించాలనుకునే తల్లి ఒక్కతే ఉన్నా ఆమె కూడా కన్నతల్లే, క్లబ్ హౌస్ మెయింటెనెన్స్ ఆమె కూడా కడుతోంది.